మడుగు గట్టున నిలిచిన యూథము

గజేంద్రమోక్షణ కథ తెలియని వైష్ణవగృహము తెలుగునేలపై ఉండదు. బమ్మెర పోతనామాత్యుడు భాగవతము అష్టమస్కంధమున రచించిన ఆ ఘట్టమును కష్టకాలమున పారాయణము చేయుట మన పెద్దల ఆచారము. అందులో మనము మరల మరల చెప్పుకొనునవి రెండే: ఏనుగు మొరయు, స్వామి పరుగును. ఆ రెంటికి ముందు పోతన చూపిన మరియొక దృశ్యము కలదు. దానిని చదివి దాటిపోవుట మనకు అలవాటు. మకరితో ఒంటరిగా పోరుచున్న తమ నాథుని విడిచిపోవుటకు అడుగు సాగక, ఆడయేనుగుల గుంపు గట్టుననే చూచుచు నిలిచిపోయినది. అవి నీటిలోనికి దిగి మొసలిని చంపజాలవు. మడుగును విడిచి అడవికి మరలిపోవను జాలవు.

యౌవనమున క్యాన్సరు వ్యాధి వచ్చిన బిడ్డ ఉన్న ఇంటివారి స్థితి ఇట్టిదే. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ గట్టున నిలిచినవారి కొరకు వ్రాయబడినది. మడుగులోనున్న యువకుడో యువతియో చదివినచో మరియు మంచిది.

నిజామాబాదు జిల్లా నందిపేట్ మండలమున ఒక ఇల్లు అనుకొందము. పోచంపాడు వద్ద గోదావరికి కట్టిన శ్రీరామసాగరము వెనుకనీరు వానకాలము చివర ఆ ప్రాంతపు పొలముల అంచులదాక వచ్చును. తండ్రికి రెండెకరముల వరి, కొంత పసుపు. తల్లి ఇంటిపని ముగించుకొని బీడీలు చుట్టును. కుమారునికి 20 ఏండ్లు. నిజామాబాదులో డిగ్రీ చదువుచున్నాడు. రెండు వారములుగా జ్వరము విడువదు. పండ్లు తోముకొనునప్పుడు చిగుళ్లనుండి రక్తము వచ్చుచున్నది. దెబ్బ తగులకయే తొడపై కమిలిన మచ్చలు కనబడుచున్నవి. రక్తపరీక్ష చూచిన వైద్యుడు తండ్రిని ప్రక్కకు పిలిచి, ఆలస్యము చేయక హైదరాబాదు పొమ్మనును. నిజామాబాదునుండి అచటికి సుమారు 175 కిలోమీటర్లు. రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొల్పబడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి కలదు; దానినే జనులు ఎమ్మెన్జే అందురు. బస్సు ఊరు దాటకమునుపే తండ్రి తల్లి చెవిలో చెప్పు మొదటి మాట: "పిలగానికి మాత్రం చెప్పొద్దు."

ఆ మాట ప్రేమవలన పుట్టినది. దానివలన కలుగు నష్టమును గూర్చి తరువాత చెప్పెదను.

అమెరికాదేశపు జాతీయ క్యాన్సరు సంస్థ 15 మొదలు 39 ఏండ్ల వరకు గల రోగులను ఒక ప్రత్యేకవర్గముగా పరిగణించుచున్నది. కారణము లేకపోలేదు. పసిబిడ్డకు వ్యాధి వచ్చినచో తల్లి ఒడిలో కొంత ఊరట కలదు. వృద్ధునకు వచ్చినచో అనుభవించిన జీవితము కొంత వెనుకనున్నది. ఈ నడిమివారికి ఆ రెండును లేవు. నిన్నటిదాక బైకుపై తిరిగినవానికి నేడు తల్లి స్నానము చేయించవలసివచ్చును. తోడివారు పరీక్షలు వ్రాయుచుందురు, గల్ఫునకు పోవుటకు పాసుపోర్టు తీసికొనుచుందురు, పెండ్లిపత్రికలు పంచుచుందురు. వీడు సెలైను చుక్కలు లెక్కించుచుండును. ఆడపిల్ల యైనచో, ఆమె బాధకంటె ముందుగా, ఇక సంబంధము కుదురదను గుసగుస ఇంటిలో వినబడును. చదువు, ఉద్యోగము, వివాహము, సంతానము అన్నియు ఒక్కమారుగా సందేహమున పడును.

కొన్ని సంవత్సరముల క్రిందట మా బంధువుల ఇంట ఇట్టి స్థితిలోనున్న యువకుని చూడబోయితిని. అందరివలెనే నేనును "బిడ్డా, ధైర్యంగ ఉండాలె" అంటిని. అతడు తల యూపి గోడవైపు తిరిగి పండుకొనెను. ఆ దినమున ఆ మాట చెప్పినవారిలో నేను ఏడవవాడనని అతని చెల్లెలు తరువాత చెప్పినది. ఆకలిగొన్నవానితో కడుపు నిండుగా ఉండుమని చెప్పి వచ్చితినని నాకు అప్పుడు తోచెను.

శ్రీమద్రామాయణమున ఒక యువకుని నిరాశ విపులముగా వర్ణింపబడినది. అతడు వానరయువరాజు అంగదుడు. సీతాన్వేషణమునకు సుగ్రీవుడిచ్చిన మాసము గడువు గుహలోనే గడచిపోయినది. అంగదుడు ఇక మరణమే శరణ్యమని నిశ్చయించుకొని, తోడివారితో సముద్రతీరమున దర్భలపై ప్రాయోపవేశమునకు కూర్చుండెను. అప్పుడు అతనికి నచ్చజెప్పజూచినవాడెవడు? సాక్షాత్తు హనుమంతుడు. ఎవని మాటతీరును మొదటి చూపులోనే శ్రీరాముడు మెచ్చుకొనెనో, అట్టి హనుమంతుడు. ఆయన నీతి చెప్పెను, యుక్తి చెప్పెను, భయమును చూపెను. అంగదుడు మాత్రము లేవలేదు. హనుమంతుని ఉపదేశమునకే లొంగని దుఃఖము మన రెండు మాటలకు లొంగునని ఎట్లు తలపవలెను?

వానరులను లేపినది ఒక వార్త. సంపాతి అచటికి వచ్చి, సీతాదేవి లంకలో నున్నదని ఉన్నదున్నట్లు తెలిపెను. ఆ వార్త తీపివార్త కాదు. నడుమ నూరు యోజనముల సముద్రము కలదు, అవతల రావణుడు కలడు. ఐనను ఎచటికి పోవలెనో తెలిసినది. తెలియని భయమున కూర్చున్నవారు తెలిసిన కష్టము నెదుట లేచి నిలిచిరి.

కావున బిడ్డకు వ్యాధి పేరు చెప్పకుండుట మేలు చేయదు. ఫోను చేతనున్న పిల్లవానికి మందు సీసాపై పేరు చాలును. రాత్రి దుప్పటి క్రింద అంతయు తానే చదువుకొనును. వానికి తెలియదని తల్లి నటించును, తెలియనట్లు వాడు నటించును. ఒకే గదిలో ఇద్దరును ఒంటరివారగుదురు. వైద్యుని సమక్షమున, కుటుంబములో వానికి ఇష్టమైన ఒక్కరు ప్రక్కనుండగా, వ్యాధి పేరు, చికిత్స ఎన్ని నెలలు, ఏ దినములు కష్టముగా నుండునో చెప్పించవలెను. ఎంతవరకు తెలిసికొనగోరునో వానినే అడుగవలెను. కొందరు అంతయు వినగోరుదురు. కొందరు రేపటి సంగతి చాలునందురు. అది వారి హక్కు.

ఇక ధైర్యము నేర్పదగినదియేనా? అమెరికాలోని సియాటిల్ నగరపు బాలల వైద్యశాలలో అబ్బీ రోజెన్‌బర్గ్ అను వైద్యురాలును ఆమె బృందమును ఈ ప్రశ్ననే తీసికొని, ప్రిజమ్ అను పేర ఒక చిన్న శిక్షణను ఏర్పరచిరి. 12 మొదలు 25 ఏండ్ల వరకు గల క్యాన్సరు రోగులకు నాలుగు విద్యలు ఒక్కొక్కటిగా నేర్పి, చివర ఇంటివారితో కలసి కూర్చుండుట అందలి పద్ధతి. ఒత్తిడిని తట్టుకొనుట, చిన్న గమ్యములు పెట్టుకొనుట, మనసున దొరలు మాటను పరీక్షించుకొనుట, అనుభవములో అర్థమును వెదకుకొనుట అనునవి ఆ నాలుగు. 2018లో ప్రకటించిన ఫలితములను బట్టి, శిక్షణ పొందినవారిలో ఆరునెలల తరువాత మనోబలమును జీవననాణ్యతయు మెరుగుపడినవి, మనోవేదన తగ్గినది. అది ఒక్క వైద్యశాలలో, నూరుమందికి లోపుగా జరిగిన పరిశీలన యగుటచే దానినే వేదముగా చేసికొననక్కరలేదు. కాని ధైర్యమనునది కొందరికి పుట్టుకతో వచ్చి కొందరికి రానిది కాదని, అక్షరాభ్యాసమువలె అలవరచుకొనదగినదని దానివలన తెలియుచున్నది.

మొదటి విద్య మనకు క్రొత్త కాదు. సూది కనబడగానే గుండె దడదడలాడును, అరచేతులు చెమర్చును, నోరెండును. గీత ప్రథమాధ్యాయమున అర్జునుడు తన అవయవములు పట్టు తప్పుటను, నోరు ఎండుటను, శరీరము వణకుటను, విల్లు జారుటను తానే చెప్పుకొనెను. అతనిని పిరికివాడని ఎవ్వరందురు? శరీరము అట్లే చేయును. అప్పుడు శ్వాసను మెల్లగా లోనికి తీసికొని, అంతకంటె మెల్లగా విడుచుచు, లోపల నారాయణ నామమో, నామమందు మనసు లేనిచో వట్టి అంకెలో లెక్కించుకొనుట చాలును. దినమునకు రెండుమారులు, నొప్పి లేనప్పుడే అభ్యసించవలెను. నొప్పి వచ్చిన తరువాత నేర్చుకొందమన్నచో కుదురదు.

రెండవ విద్యయే నాకు మిక్కిలి ఉపయోగకరముగా తోచినది. సంపాతి వార్త విన్న తరువాత వానరులు ఏమి చేసిరో జ్ఞాపకము చేసికొనుడు. ఒక్కొక్కరు తాము ఎంత దూరము దుమకగలరో చెప్పిరి. ఒకడు పది యోజనములనెను, ఒకడు ఇరువది యనెను. జాంబవంతుడు తన వార్ధకమును దాచుకొనక తొంబది యనెను. అంగదుడు నూరు దాటగలనుగాని మరలి రాగలనో లేదో తెలియదనెను. పది యోజనముల వానిని చూచి ఎవరును నవ్వలేదు. "ఎప్పుడు పూర్తిగా బాగవుతవు" అని అడిగినచో ఆ బిడ్డ నూరు యోజనముల నీటిని చూచి కుంగిపోవును. ఈ వారము నీ కొలత ఎంత యని అడుగవలెను. సోమవారము వాకిటిదాక నడచుట, బుధవారము స్నేహితునితో పది నిమిషములు ఫోనులో మాటలాడుట, శుక్రవారము పాఠములో రెండు పుటలు చదువుట, ఇట్టివి చాలును. కీమో ఎక్కించిన మరునాడు గ్లాసెడు గంజి నిలిచినచో అదియే ఆనాటి లంఘనము. కొలతను బిడ్డయే చెప్పవలెను. తండ్రి చెప్పినచో అది మరియొక పరీక్ష యగును.

మూడవది మనసులో దొరలు మాటను నిలిపి చూచుట. "నావల్ల ఇల్లు మునుగుతున్నది" అని ఆ పిల్లవాడు లోలోపల వేయిమారులు అనుకొనును. బోధన్ చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన తరువాత ఆ ప్రాంతమున ఎన్నో ఇండ్లు అప్పును దగ్గరగా చూచినవి. ఇంటి లెక్కలు పిల్లలకు తెలియకపోవు. అట్టి తలపును కొట్టివేయక, కాగితముపై వ్రాయించి ప్రక్కన ప్రశ్నలు వేయించవలెను. ఇది నిజమా? ఎంత నిజము? ఇదే వ్యాధి చెల్లెలికి వచ్చియుండినచో ఆమెతో ఈ మాట అందువా? "ఖర్చు నిజము, తప్పు నాది కాదు" అను చోటికి వాడే చేరును. ఇతరుల ఉదాహరణములతో ఈ పనిని తొందరపెట్టరాదు. క్రికెటు ఆటగాడు యువరాజ్ సింగ్ 2012లో కీమో చికిత్స పొంది, ఆ సంవత్సరమే మరల భారతజట్టున ఆడెను. ఆ సంగతి కొందరికి ఉత్సాహమిచ్చును. కాని అతని వ్యాధి వేరు, నందిపేట్ పిల్లవాని రక్తవ్యాధి వేరు. చూడబోయిన ప్రతివాడును అదే కథ చెప్పినచో, మంచమునుండి లేవలేనివానికి అది మందలింపువలె వినబడును.

నాలుగవది అర్థమును వెదకుకొనుట. ఇందు పెద్దలు మిక్కిలి జాగ్రత్త వహించవలెను. అర్థము రోగికి తనంతట స్ఫురించవలసినదే గాని, ప్రక్కవారు తెచ్చి ఒడిలో పెట్టదగినది కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర దీనికి సాక్ష్యము. స్ప్రూ అను ప్రేగువ్యాధి ఆయన సోదరుని బలిగొన్నది. ఆ దుఃఖము ఆ దినమున దుఃఖమే. ఏండ్లు గడచిన పిమ్మట అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలయందు ఆయన బృందము ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. దానికి విరుద్ధముగా పనిచేయు మందులను గూడ రూపొందించినది. అట్టివానిలో ఒకదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు గల బాలలకిచ్చి, వ్యాధి కొంతకాలము శాంతించుటను 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందుల వంశములోని మెథోట్రెక్సేటు నేటికిని రక్తక్యాన్సరు చికిత్సలో వాడబడుచున్నది. నందిపేట్ యువకుని చేతిలోని మాత్రల పొట్లములో ఒక తెలుగువాని శోకము కలదని చెప్పవచ్చును. కాని సోదరుడు పోయిన నాడు ఎవరైనను ఆయనతో "దీనివలన లోకమునకు మేలు కలుగును" అనియుండినచో అది ఎంత క్రూరముగా నుండెడిదో ఊహించుడు.

మన ఇండ్లలో దీనికంటె కఠినమైన మాట మరియొకటి వాడుకలో నున్నది. "ఏ జన్మల ఏం పాపం జేసిండో." దీనిని పరామర్శకు వచ్చినవారు వరండాలో అందురు, కిటికీ ప్రక్క మంచమున బిడ్డ వినుచుండును. కర్మసిద్ధాంతము మన శాస్త్రములలో నున్నది, కాదనుటలేదు. భాగవతముననే గజేంద్రుని పూర్వజన్మ చెప్పబడినది: అతడు ఇంద్రద్యుమ్నుడను రాజనియు, అగస్త్యముని శాపముచే ఏనుగైపుట్టెననియు. కాని ఆ సంగతిని శుకమహర్షి ఎప్పుడు చెప్పెను? చక్రము మొసలి తలను ఖండించి, స్వామి ఏనుగును గట్టుకు చేర్చిన తరువాత. ఏనుగు నీటిలో పోరుచున్నప్పుడు గట్టునున్న ఏ ఏనుగును ఆ ప్రసంగమునకు పూనుకొనలేదు. యౌవనమున వచ్చు రక్తక్యాన్సరు మొదలగువానిలో చాలవాటికి ఇదియే కారణమని వైద్యులును చూపజాలరు. తల్లి తాను బీడీలు చుట్టినందున వచ్చినదని ఏడ్చుటయు, తండ్రి మొక్కు మరచినందున వచ్చినదని కుములుటయు చూచుచున్నాము. ఈ వ్యాధి అంటువ్యాధియును కాదు. గ్లాసు వేరుగా పెట్టుట అన్యాయము.

బిడ్డ దేవుని నిందించినచో ఏమి చేయవలెను? పూజగది తలుపు మూయుమన్నచో? భయపడవలదు. పోతనగారి గజేంద్రుడు భక్తాగ్రేసరుడే యయ్యును, బలము ఉడిగిన వేళ, ఉన్నాడని అందరు చెప్పు దేవుడు నిజముగా ఉన్నాడా అని సందేహించెను. ఆ సందేహము మొరలో భాగముగానే స్వామి చెవికి చేరినది. పిల్లవానితో వాదించి గెలువవలసిన పని తల్లిదండ్రులకు లేదు. దీపము వారు పెట్టుకొనవచ్చును.

యాత్రలకు పోవు ఇండ్లు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. కీమో జరుగు దినములలో తెల్లరక్తకణములు తగ్గి, చిన్న క్రిమియు పెద్ద ప్రమాదము తెచ్చును. అప్పుడు బిడ్డను జాతర గుంపులోనికి, క్యూలోనికి తీసికొనిపోరాదు. లింబాద్రిగుట్ట నరసింహస్వామికి మొక్కినను, తిరుమలకు మొక్కినను, వైద్యుడు సరేయనిన తరువాత తీర్చుకొనవచ్చును. కాచని నీటితో చేసిన తీర్థమును, బయట నిలువయున్న ప్రసాదమును ఆ దినములలో కండ్లకద్దుకొని ప్రక్కన పెట్టుట అపచారము కాదు. ఏకాదశి ఉపవాసమునుండి రోగులకు సడలింపు పెద్దలే ఇచ్చియున్నారు. జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను.

పసుపు మాటయు చెప్పవలెను, ఏలయనగా నిజామాబాదు పసుపునకు పుట్టినిల్లు. పసుపులోని కుర్కుమినుపై ప్రయోగశాలలలో పరిశోధనలు జరిగిన మాట నిజమే. కాని పసుపు తిని క్యాన్సరు నయమగునని ఏ పరిశోధనయు నిరూపింపలేదు. కూరలో వేసికొనుడు, చికిత్స మానిపించి పసుపు ముద్దలు మింగించువానిని, పేరు చెప్పని ఆకుమందు ఇచ్చువానిని నమ్మవలదు.

ఖర్చునకు ఆరోగ్యశ్రీ కలదు. తెలంగాణమున దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచబడినది. చికిత్సకై పోవు క్యాన్సరు రోగికి రైలులో స్లీపరు, మూడవ ఏసీ తరగతులలో చార్జీ లేదు; తోడుపోవువారికి నాలుగింట మూడు వంతులు తగ్గింపు కలదు. ఆసుపత్రి ఇచ్చు ధ్రువపత్రము చూపవలెను. ఇట్టి కాగితముల పనిని మేనమామయో బాబాయియో తీసికొన్నచో తండ్రికి బిడ్డప్రక్కన కూర్చుండుటకు ఒక పూట మిగులును. చూడవచ్చినవారు పండ్లకు మారుగా ఇట్టి పని అడిగి పుచ్చుకొనుట మేలు.

మరియొక ప్రశ్నను సిగ్గుచే ఎవరును అడుగరు. కొన్ని చికిత్సలు సంతానశక్తిని దెబ్బతీయవచ్చును. యువకుని బీజమును, కొన్ని సందర్భములలో యువతి అండములను ముందే భద్రపరచు సౌకర్యము నేడు కలదు. చికిత్స మొదలైన తరువాత అడిగినచో ఆలస్యమగును. వైద్యుని మొదటి వారముననే అడుగవలెను, బిడ్డ ఎదుటనే అడుగవలెను.

బిడ్డ తినుట మాని, నిద్రలేక, ఎవరితోను మాటలాడక రెండు వారములు గడచినచో, చికిత్స వద్దన్నచో, బ్రతుకు వద్దన్నచో, అది బలహీనమనస్సని తలపక వైద్యునికి వెంటనే తెలుపవలెను. అట్టి బాధకును వైద్యము కలదు. 2022 అక్టోబరున ఆరంభమైన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యతో రాత్రియైనను పగలైనను ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. తల్లియు చేయవచ్చును. గట్టున నిలిచిన ఏనుగులకును కాళ్లు నొచ్చును. ఆసుపత్రి వరండాలో నెలలకొలది నేలపై పండుకొను ఆ తల్లిని వారమునకొక రాత్రి ఇంటికి పంపి, ఆమె చెల్లెలు అచట పండుకొనవలెను.

చివరకు జుట్టు సంగతి. చికిత్స మొదలైన రెండు మూడు వారములకు దిండుపై వెండ్రుకలు రాలును. వాంతులనైనను ఓర్చుకొన్న పిల్లలు ఆ ఉదయమున ఏడ్చెదరు. మనము తరతరములుగా కల్యాణకట్టవద్ద సంతోషముతో తలనీలాలు ఇచ్చినవారము. "జుట్టుకే ఏడుస్తవా" అని అనవచ్చుననిపించును. అనరాదు. మనము ఇచ్చినది మన ఇష్టముతో, వాని జుట్టు అడుగకయే పోయినది. కొన్ని ఇండ్లలో తండ్రియు అన్నయు తామును గుండు చేయించుకొని ప్రక్కన కూర్చుండిరని విన్నాను. కొందరు పిల్లలకు అది నచ్చును, కొందరు వద్దందురు. తిరుపతిలో దేవస్థానము ఇచ్చిన స్థలమున టాటా ట్రస్టుల సాయముతో వెలసిన శ్రీవేంకటేశ్వర క్యాన్సరు వైద్యసంస్థ 2022లో ఆరంభమైనది. కొండయెక్కు యాత్రికుల గుండులును, అచటి రోగుల గుండులును నేడు ఒకే ఊరిలో కనబడును. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు జుట్టు మరల వచ్చును, ఒక్కొక్కప్పుడు మునుపటికంటె ఒత్తుగా, ఉంగరములు తిరిగి. నందిపేట్ తల్లి ఆ జుట్టును స్వామికి మొక్కుకొని యుండవచ్చును. ఆ మొక్కు తీర్చుటకు ఎప్పుడు పోవలెనో, ఆ క్రొత్త జుట్టును ఇచ్చుటయో మరికొంత కాలము ఉంచుకొనుటయో, ఆ బిడ్డనే అడుగవలెను.